తలుపుల మీద తాతలు

ఏటిగట్టు కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా తలుపు మీద ఒకే బొమ్మ కనిపించేది.

బొమ్మలో ఉన్న కథ పెద్దదేం కాదు. తాతల కాలంలో ఒకసారి గట్టుకి గండి పడింది. తట్టలతో మట్టి పోస్తే మట్టి పోయింది, బస్తాలు వేస్తే బస్తాలూ పోయాయి. అప్పుడు ఎవరో ఒకాయన ఇంటికి పరిగెత్తి, తలుపుని పైకెత్తి ఊడలాగి, నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు. ఆయన్ని చూసి రెండోవాడు, రెండోవాణ్ణి చూసి ఊరంతానూ. తలుపులు నీళ్ళకి అడ్డంగా నిలబెట్టి, వెనక గుంజలు పాతి, గడ్డీ మట్టీ కూరారు. నీళ్ళు ఆగాయి, ఊరు బతికింది.

ఆ బొమ్మని ఎర్రగా కాల్చిన ఇనప కడ్డీతో తలుపు చెక్క మీద గీసేవారు. గీసేది ఒక ముసలమ్మ. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. ఊళ్ళోవాళ్ళు ఆమెని వెనకాల కడ్డీ ముసలమ్మ అనేవారు, ఎదురుగా ఉంటే అత్తా అనేవారు, బొమ్మ నచ్చకపోతే ఏమీ అనకుండా మూతి తిప్పుకుని పోయేవారు.

ఆ పని చూసినవాళ్ళకే తెలుస్తుంది. కుంపట్లో సన్నవీ లావువీ కడ్డీలు పెట్టుకుని, ఒకటి చల్లారితే ఇంకొకటి అందుకుంటూ గియ్యాలి. చెయ్యి కాస్త తటపటాయించిందా, అక్కడ గొయ్యి పడి ఊరుకుంటుంది. కాలిన గీతని చెరపడానికి లేదు. టేకు మీద గీత బుద్ధిగా ఉంటుంది, మామిడి చెక్క మీద ఇష్టమొచ్చినట్టు పాకుతుంది, వేపచెక్క పొగైతే కళ్ళు పీకేస్తుంది. ఆ పొగలో కూర్చుని కూర్చుని ముసలమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. పొగ వల్ల కాదు, కోపం వల్ల అనేవారు కొందరు. అదీ అబద్ధం కాదు.

కోపం రాదా మరి?

"అత్తా, మా తలుపు మీద మా తాత అందరికన్నా ముందుండాలి."

"అందరి తాతలూ ముందుంటే వెనక ఎవరుంటార్రా?"

"పక్కింటివాళ్ళ తాత ఉంటాడు."

పక్కింటికి వెళ్తే అక్కడా అదే పాట. ఆమె విసిగిపోయి, ఏ ఇంటి తలుపు మీద ఆ ఇంటి తాతనే ముందు నిలబెట్టింది. దాంతో అయిపోయిందా? ఒక ఆసామి వచ్చి తాత మీసం ఇంకా పెంచమన్నాడు. ఇంకొకడు తాత నెత్తి మీద ఒకటి కాదు, రెండు తలుపులు పెట్టమన్నాడు. గండి మాట చెవినపడగానే పొరుగూరికి చెక్కేసిన తాత కూడా ఒకాయన ఉన్నాడు. ఆయన మనవడైతే తాతని అందరికన్నా పొడుగ్గా వెయ్యమని కూర్చున్నాడు.

"వేస్తాను నాయనా. ఆయన కాళ్ళు కూడా బాగా వేస్తాను. మంచి పరుగు కాళ్ళు" అంది ముసలమ్మ.

అతను మహా సంతోషపడి వెళ్ళాడు.

మొదట్లో ఆ ఊళ్ళో మంచి ఆనవాయితీ ఒకటుండేది. ఏటా వానాకాలానికి ముందు ఒక రోజు చూసుకుని, ప్రతి ఇంటివాళ్ళూ తలుపు ఊడదీసి, గట్టు దాకా మోసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి తగిలించుకునేవారు. పిల్లలకి బరువు తెలిసేది, పెద్దలకి దారి గుర్తుండేది. బొమ్మలు అందంగా తయారయ్యేకొద్దీ ఆ మోత కష్టంగా తోచింది. మూలలు చిట్లుతున్నాయని ఒకరు, చెమట చేతులు తగిలి తాతల మొహాలు మాసిపోతున్నాయని ఒకరు గొణిగారు. చివరికి ఊరిపెద్ద చావిట్లో నలుగుర్నీ కూర్చోబెట్టాడు.

"తలుపులు మొయ్యడం బొమ్మలో ఉండనే ఉంది కదా, మళ్ళీ మనం మొయ్యడం ఎందుకు? భక్తిగా దండం పెడితే చాలదూ?" అన్నాడు.

చాలుతుందన్నారు అందరూ. మోత తప్పుతుందంటే ఎవరికి చేదు?

ఆ పైన తలుపులకి ఇనప బందులు వేయించి మేకులు దిగ్గొట్టారు. పసుపు పూశారు, కుంకం పెట్టారు. కాలు తగిలితే లెంపలు వేసుకున్నారు. వాన తడి తగలకుండా గోనెపట్టాలు కప్పారు. గట్టిగా మూస్తే తాతలకి దెబ్బ తగులుతుందని మూయడమే మానేశారు. దొంగలు దర్జాగా గుమ్మంలోంచి వచ్చి పోయేవారు. పండగ రోజున ఆ తలుపు దాటడం అపచారమని పెట్టి కిటికీల్లోంచి దూకేవారు. ఒక ఏడు ఊరిపెద్ద తల లోపల, కాళ్ళు బయట ఇరుక్కుపోతే, ఆముదం రాసి లాగాల్సి వచ్చింది.

"ఒరేయ్, అవి తలుపులురా!" అని నెత్తి కొట్టుకునేది ముసలమ్మ.

"అవునత్తా, మన తాతల తలుపులు" అని వాళ్ళు ఇంకోసారి దండం పెట్టేవారు. ఏం చెయ్యాలి ఇలాంటివాళ్ళని!

అయితే ఆమెకీ ఒక తలుపు మీద ప్రాణం ఉండేది. అది చావిడి తలుపు. రెండు రెక్కల టేకు తలుపు. వాళ్ళ నాన్న దాని మీద నీళ్ళు గీసి పోయాడు. ఆ నీళ్ళకి ఎదురు నిలబడ్డ మనుషుల్ని ఆమె గీసింది. పడుచుతనంలో మొదలుపెడితే జుట్టు నెరిసేసరికి అయింది. ఒక మొహంలాగా ఇంకో మొహం ఉండదు. నెత్తి మీద తలుపు బరువుకి ఒక మనిషి మెడ నరం పొంగి ఉంటుంది, అది చూస్తే చూసేవాళ్ళ మెడ పట్టేస్తుంది. జన్మంతా గీసినవాటిలో ఆమెకే నచ్చింది అదొక్కటే. సాయంత్రాలు వెళ్ళి పమిట కొంగుతో దాన్ని తుడుచుకుని వచ్చేది. తన ఇంటి తలుపు మీద మాత్రం ఏ బొమ్మా లేదు. ఊళ్ళో తాతల మీసాలు దిద్దేసరికే పొద్దు గూకుతుంటే ఇక తన తలుపు ఎవరు చూస్తారు?

ఒక ఏడు ఊళ్ళో చుక్క వాన లేదు. పైన ఎండ పేలిపోతోంది. ఎగువన ఎక్కడ కురిసిందో ఏమో, ఏరు మాత్రం గట్టు అంచు దాకా ఎగదన్నింది. పొద్దున్నే గట్టు కావలివాడు ఒగర్చుకుంటూ చావిడి దగ్గరికి వచ్చిపడ్డాడు.

"గండి పడిందండీ! ఇంకా చిన్నదే. తలుపులు పట్టుకు రండి, ఇప్పుడైతే ఆపొచ్చు!"

"ఏ తలుపులు?" అన్నాడు ఊరిపెద్ద.

"ఇళ్ళ తలుపులేనండీ."

"బొమ్మలున్నవా?"

"లేనివి ఎక్కడున్నాయండీ మన ఊళ్ళో?"

"అయితే కుదరదు. ఇంకేదైనా చెప్పు."

ఇంకేదైనా ఏముంది, వాడి పిండాకూడు! అయినా జనం ఇంకేదైనా వెతికారు. నులక మంచాలు పట్టుకెళ్ళి అడ్డం పెడితే నీళ్ళు వాటిలోంచి నవ్వుకుంటూ పోయాయి. రోళ్ళు దొర్లిస్తే మునిగిపోయాయి. గడ్డిమోపులు తేలిపోయాయి. కావలివాడు ఇల్లిల్లూ తిరిగి గుమ్మాల ముందు బతిమాలాడు. ప్రతివాడూ పక్కింటి వైపు చూపించాడు. మా తలుపు పాతది, వాళ్ళది గట్టిది, ముందు వాళ్ళది పట్టుకెళ్ళు. మా తాత మొహం బురదలో పడితే నీకు పాపం చుట్టుకుంటుంది. ఈలోపల గండి పెద్దదైంది. కింది వీధిలో నీళ్ళు మోకాలు దాటాయి. అక్కడి తల్లులు పిల్లల్ని అటకల మీదికి అందిస్తున్నారు.

అప్పుడు ఊరిపెద్దకి ఒక ఆలోచన వచ్చింది. చావిడి తలుపుకి కొబ్బరికాయ కొట్టించాడు. "తాతలారా, మీరే కాపాడాలి" అని సాష్టాంగపడ్డాడు. వెనకాల నిలబడ్డ జనమంతా చేతులు జోడించారు. బొమ్మలో తాతలు నెత్తిన తలుపులతో పరిగెత్తుతూనే ఉన్నారు.

ముసలమ్మ ఆ గోల విని బయటికి వచ్చింది. సంగతి కనుక్కుంది. కావలివాణ్ణి పిలిచింది. ఇద్దరూ కలిసి ఆమె ఇంటి తలుపు పైకెత్తి ఊడదీశారు. మేకుల్లేవు, బందుల్లేవు, చటుక్కున ఊడొచ్చింది. గట్టు మీదికి మోసుకెళ్ళి గండిలో ఒక పక్క నిలబెట్టారు. ఆ పక్కన నీళ్ళు తగ్గాయి. ఆమె ఆయాసపడుతూ వెనక్కి తిరిగి చూసింది. ఎవడైనా వస్తున్నాడేమోనని. ఎవడూ రాలేదు. దూరం నించి చూసి, "శభాష్ అత్తా, అచ్చం బొమ్మలోలాగే ఉంది!" అని మెచ్చుకున్నాడొకడు.

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మలు ఉన్నంతకాలం ఈ తలుపులు కదలవని అర్థమైంది. అవి గీసింది ఎవరో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏం చెయ్యాలో కూడా తెలిసిపోయింది.

ఇంటికి వెళ్ళి కుంపటి రాజేసింది. అన్నిటికన్నా లావు కడ్డీని ఎర్రగా కాల్చి, కుంపటితో సహా చావిడికి పట్టుకొచ్చింది. జనం దారి ఇచ్చారు. ఈ ఆపద వేళ తాతలకి ఏదో మెరుగు దిద్దబోతోంది అనుకున్నారు పాపం.

ఆమె తలుపు ముందు నిలబడింది. మెడ నరం పొంగిన మనిషిని ఒకసారి చూసుకుంది. "నాన్నా, ఏమనుకోకు" అంది. కడ్డీ ఎత్తి, పై మూల నించి కింది మూల దాకా, అందరు తాతల మొహాల మీదుగా, నాన్న గీసిన నీళ్ళ మీదుగా, బర్రున ఒక్క గీత లాగింది. చెక్క చిటపటలాడింది. పొగ లేచింది.

"చంపేశావే ముసలీ!" అని గుండెలు బాదుకున్నాడు ఊరిపెద్ద.

"అవును. ఇంక ఇది బొమ్మ కాదు, చెక్క. పట్టుకుపోండి" అంది ముసలమ్మ.

ఎవరూ కదల్లేదు. తాతల మొహాలు చూడబోతే అక్కడ నల్లటి చార ఉంది. దండం పెడదామంటే చేతులు కలవడం లేదు. ముందు కావలివాడు గునపం తెచ్చి బందుల కింద గుచ్చాడు. తర్వాత ఇంకొకడు చెయ్యి వేశాడు. పాడైపోయిన వస్తువు కనక ఎవరికీ ఇక భయం లేదు. రెక్కలు రెండూ ఊడొచ్చి గట్టు వైపు నడిచాయి.

ముసలమ్మ వీధిలోకి తిరిగింది. పరుగుతాత మనవడు తలుపుకి వీపు ఆనించి చేతులు చాపాడు.

"నా మీద వాత పెట్టత్తా, మా తాత మీద మాత్రం వద్దు!"

"నీ మీద పెడితే గండి పూడుతుందట్రా? తప్పుకో."

"ఆయనంత పొడుగు తాత ఊళ్ళో లేడత్తా!"

"అందుకే ఆయన తలుపు బాగా అడ్డం నిలుస్తుంది. ఆ రోజు పారిపోతే పోయాడు, ఈ రోజైనా గట్టు మీద నిలబడనీ."

లోపలి నించి అతని పెళ్ళాం కేకేసింది. "గియ్యండత్తా, గియ్యండి! కింది వీధిలో మా అమ్మ ఉంది!" అతను చేతులు దించేశాడు.

ఆమె ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగింది. ప్రతి బొమ్మా తన చెయ్యే. ఏ మీసానికి ఎవరితో పోట్లాడిందో, ఏ కన్ను మూడోసారికి కుదిరిందో అన్నీ గుర్తొస్తూనే ఉన్నాయి. ఏడుస్తూనే గీసింది, గీస్తూనే తిట్టింది. ఊళ్ళోవాళ్ళనీ తిట్టింది, తన చేతినీ తిట్టింది. ఆమె ఒక గుమ్మం దాటేసరికి వెనకాల గునపం దిగేది, తలుపు లేచేది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వీధి పొడుగునా తలుపులు నడుస్తున్నాయి. వాటి కింద మనుషుల కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరి తాత ముందు, ఎవరి తాత వెనక అని ఆ పూట ఎవరూ అడగలేదు.

గండి పూడింది.

తలుపులు గట్టులో కలిసిపోయాయి. ఇళ్ళు నోళ్ళు తెరుచుకుని మిగిలాయి. మేకలు వంటిళ్ళ దాకా వచ్చాయి. ఒకరి పులుసులో ఉప్పు తక్కువైతే ఎదురింటివాళ్ళకి తెలిసిపోయేది. నీళ్ళు తగ్గాక ఊరిపెద్ద చావిట్లో సభ పెట్టాడు. ముసలమ్మని నిలబెట్టాడు.

"మేలు చేశావు, కాదనం. కానీ తాతల మొహాల మీద వాతలు పెట్టావు. తప్పు తప్పే. శిక్ష ఏమిటంటే, కొత్త తలుపులన్నిటి మీదా మళ్ళీ బొమ్మ వెయ్యాలి. ఈసారి బొమ్మలో నువ్వూ ఉండాలి, చేతిలో కడ్డీతో."

ఆమె తల పట్టుకుంది. "వేస్తాను. నేను ఎలా ఇస్తే అలా తీసుకోవాలి" అంది. సరేనన్నారు.

మొదట చావిడి తలుపు వేసింది. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఊరిపెద్ద చేతులు జోడించబోయేసరికి ఆమె లావు కడ్డీ తీసి, కొత్త బొమ్మ మీద మూల నించి మూలకి గీత లాగేసింది.

"ఇప్పుడు పూర్తయింది. మేకులు కొట్టక్కర్లేదు, ఊరికే తగిలించుకోండి" అంది.

అన్ని తలుపులూ అలాగే ఇచ్చింది. జనం కిక్కురుమనకుండా పట్టుకెళ్ళారు. ఇన్నాళ్ళకి వీళ్ళకి బుద్ధొచ్చిందిరా దేవుడా అనుకుని ఆ ఏడు ఆమె హాయిగా నిద్రపోయింది. అంత తొందరపడకుండా ఉండాల్సింది.

ఒక వానాకాలం ఊరిపెద్ద పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని వచ్చాడు.

"అత్తా, చావిడి తలుపు మీద గీత మరీ సన్నంగా ఉంది. కింది వీధివాళ్ళ గీతలు దట్టంగా ఉన్నాయి. ఊరికి పెద్ద తలుపు కదా, నలుగురిలో పరువు పోతోంది. ఇంకాస్త లావు చేసి పెట్టు."

ఆమె కుంపటి పట్టుకుని అతని వెంట వెళ్ళింది. దారిలో తలుపులన్నీ చూసింది. ప్రతి గీతకీ పసుపు పూసి ఉంది. గీత పొడుగునా కుంకం బొట్లు. చావిడి తలుపుకి కొత్త ఇనప బందులు, వాటికి పెద్ద పెద్ద మేకులు.

"ఈ మేకులెందుకురా?"

"గీత పాడవకుండా అత్తా! ఊరిని కాపాడిన గీత అది. ఎవడైనా కదిపితే?"

సరిగ్గా అప్పుడే గట్టు కావలివాడు వచ్చాడు. వాడి మొహం చూడగానే అందరికీ అర్థమైంది. పాత గండి పక్కనే గట్టు జారుతోంది.

చుట్టూ జనం పోగయ్యారు. అందరూ ముసలమ్మ వైపే చూశారు.

"గియ్యత్తా" అన్నాడు ఊరిపెద్ద. "తొందరగా గియ్యి. గీత మీద ఇంకో గీత. నువ్వు గీస్తే గానీ మాకు చేతులు రావు."

"నేను పోయాక?"

గట్టు వైపు నించి నీళ్ళ హోరు వినిపిస్తోంది. ముసలమ్మ కుంపట్లోంచి ఎర్రటి కడ్డీ తీసింది. తలుపు వైపు వెళ్ళలేదు. ఊరిపెద్ద చెయ్యి పట్టుకుని, గుడ్డ చుట్టిన పిడిని అతని గుప్పిట్లో పెట్టింది.

"అమ్మో, నేనా? ఆ మొహాల మీదా?"

"నువ్వే."

అతను తలుపు దగ్గరికి వెళ్ళాడు. కడ్డీ ఎత్తాడు. తాతని చూశాడు, కడ్డీ పట్టుకున్న ముసలమ్మ బొమ్మని చూశాడు, పసుపు పూసిన గీతని చూశాడు. కడ్డీ ఎరుపు తగ్గి నల్లబడింది. చెక్కకి తాకకుండానే చల్లారిపోయింది. అతను చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు.

ముసలమ్మ ఆ కడ్డీ లాక్కుంది. కుంపట్లో పెట్టి ఊదింది. అది మళ్ళీ ఎర్రబడ్డాక తీసి, అతని చేతికే ఇచ్చింది.